బాయి కింద బాయి

డెబోరాకు చిన్నప్పటి నుంచీ ఒక గుణం ఉండేది. ఎవరైనా ఏదైనా చెబుతుంటే ఆ మాటలు ఆమెకు వినబడటం కంటే ముందు కనబడేవి. బెల్లంపల్లిలో ఇంటి అరుగు మీద కూర్చుని పక్కింటావిడ కాసిపేటలో తన మేనత్త బర్రె ఎలా తప్పిపోయిందో చెబుతుంటే, ఆ బర్రె, అది నడిచిన బండ్లబాట, దాని కొమ్ముకు కట్టిన ఎర్ర గుడ్డపేలిక, అన్నీ వచ్చి ఆ పిల్ల కళ్ళ ముందు నిలిచేవి.

"ఈ పోరి ఈడ ఉండదు, యాడనో ఉంటది" అని తల్లి సువార్త నెత్తి మీద మెల్లగా మొట్టేది.

తండ్రి జ్ఞానయ్య మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఆయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. షిఫ్టు దిగి వచ్చి, వేన్నీళ్ళతో ఒళ్ళు రుద్దుకుని, వాకిట్లో కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తూ కూర్చునేవాడు. లోపల ఎలా ఉంటుందని ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేవాడు. చెప్పిందల్లా చూడగలిగే ఆ పిల్లకు, ఎవరూ చెప్పని కారణంగా, తండ్రి పనిచేసే చోటు ఒక్కటే ఎన్నడూ కనబడలేదు.

ఆ ప్రాంతంలో బాయి అంటే రెండు. నీళ్ళు తోడేదీ బాయే, బొగ్గు తవ్వేదీ బాయే. "బాయికి పోయిండు" అంటే మనిషి స్నానానికి పోయాడో డ్యూటీకి పోయాడో వేళను బట్టి అర్థం చేసుకోవలసిందే.

డెబోరా లా చదివి మంచిర్యాల కోర్టులో నల్లకోటు వేసుకుంది. ఆమె దగ్గరికి భూమి తగాదాలూ పాలివాళ్ళ పంచాయితీలూ వచ్చేవి కావు, వచ్చినా నిలిచేవి కావు. ఊరుమ్మడి గోడు ఉన్నవాళ్ళే వచ్చేవారు. బస్టాండులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదని ఒకరు, దవాఖానలో పాముకాటుకు మందు లేదని ఒకరు, బడికి పోయే దారిలో కల్వర్టు కూలిందని ఒకరు. వాళ్ళ మాటలు వింటూ ఆమె కిటికీలోంచి బయటికి చూసేది. వినడం లేదేమోనని వాళ్ళు నొచ్చుకునేవారు. తర్వాత ఆమె రాసిన పిటిషను చదివించుకుని, మేము చెప్పనిది కూడా ఈమెకు ఎలా తెలిసిందని ఆశ్చర్యపోయేవారు. అలాంటి పిటిషన్లు కొన్ని హైదరాబాదు దాకా పోయి ప్రజాప్రయోజన వ్యాజ్యాలయ్యాయి. కొన్ని అక్కడే ఎక్కడో ఆగిపోయాయి.

జడ్జీగా ఎంపికైన రోజు బారులో ఒక పెద్ద వకీలు ఆమెను మందలించినట్టే అన్నాడు. "తప్పు చేసినవమ్మా. ఇన్నేండ్లు నువ్వు పోయి జనం గోడు వెతికినవు. ఇగ మీదట గోడు నీ దగ్గరికి రావాలె. వచ్చిందే వినాలె, రానిదాన్ని పిలవరాదు."

"వచ్చేదాక చూస్త సార్" అంది డెబోరా.

చూసింది. పెళ్ళి చేసుకోలేదు, దాని గురించి ఎవరైనా అడిగితే ఎక్కడో దూరంగా వర్షం పడుతున్నట్టు అటు చూసేది. చిన్న కోర్టులు రెండు తిరిగి, పదోన్నతి మీద గోదావరిఖనికి సీనియర్ సివిల్ జడ్జిగా వచ్చేనాటికి ఆమెకు నలభై దాటాయి. గోదావరికి అవతలి ఒడ్డున తండ్రి, ఇవతలి ఒడ్డున తను. తల్లి అప్పటికే పోయింది. ఆదివారం ఉదయం తండ్రి దగ్గరికి పోతూ ఆమె ఎక్కిన ప్యాసింజర్ బండి వంతెన దాటుతుంటే కింద ఇసుక, మధ్యలో సన్నటి నీటిపాయ, దూరంగా విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. అవి నిద్రలో కనబడే చెట్లలా కదలకుండా నిలబడి ఉండేవి.

మండల న్యాయసేవల కమిటీకి జడ్జే అధ్యక్షురాలు. సెలవు రోజుల్లో ఊళ్ళకు పోయి, ఏ హక్కు కోసం ఎవరిని అడగవచ్చో జనానికి చెప్పే పని అది. మిగతావాళ్ళకు అది మొక్కుబడి. డెబోరాకు మాత్రం ఎడారిలో నీడ దొరికినట్టుండేది. అలా ఒకసారి జువ్విగూడెం అనే ఊళ్ళో మాట్లాడి కూర్చోగానే, ముందు వరుసలోంచి ఒక ముసలావిడ లేచింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం ఊరవతలికి వినబడేది. పేరు సారవ్వ.

"బిడ్డా, మా బాయిల నీళ్ళు పోయినయి. నాలుగు బాయిలల్ల పోయినయి. మా ఊరి కిందికెళ్ళి బొగ్గుబాయి నడుస్తున్నది. మా బాయి నీళ్ళు ఆ బాయిల వడ్డయి. ఇప్పుడు మేం ఎవరి మీద కేసెయ్యాలె?"

డెబోరాకు ఆ మాట వినబడకముందే కనబడింది. ఒక బావి అడుగున మరో బావి, దాని నోరు చీకటి. ఆమె తమాయించుకుని చెయ్యి ఎత్తింది.

"నాకు చెప్పకు అవ్వా. ఇప్పుడు నేను వింటే, రేపు కోర్టుల నేను వినరాదు. అదిగో, ఆ వకీలమ్మకు చెప్పు."

వకీలమ్మ పేరు జమున. న్యాయసేవల తరఫున ఉచితంగా వాదించే యువతి. ఆ వారంలోనే ఊరందరి తరఫున సారవ్వ పేరు మీద దావా దాఖలైంది. గనిలోంచి నిత్యం పంపులతో తోడి అవతలి వాగులోకి వదిలేస్తున్న నీళ్ళు తమ బావులవేనని, వాటిని తమకు తిరిగి ఇప్పించాలని అందులో ఉంది.

గని యాజమాన్యం తరఫు వకీలు వేణుమాధవ్. మంచి మాటకారి, మర్యాదస్తుడు, చెడ్డవాడేమీ కాదు. "అమ్మా, ఏ గనిలోనైనా నీరు ఊరుతుంది. వర్షం నీరు, వాగు నీరు, నేల నీరు. ఇందులో ఈ చుక్క ఫలానా బావిదని ఎవరు చెప్పగలరు? నీటికి పేరుంటుందా?" అని వాదించాడు.

సారవ్వ బోనులోకి ఎక్కింది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయని కూర్చోబోతే కుర్చీ తెప్పించారు.

"చెప్పవ్వా" అంది జమున.

"ఏం జెప్పాలె? మొన్న సద్దుల బతుకమ్మనాడు మా కుంట ఎండిపోయిందని, వానకు పెద్దబాయిల ఇంతన్ని నీళ్ళు నిలిస్తే, బతుకమ్మలను అందులనే సాగనంపినం. తెల్లారి పోయి చూస్తే నీళ్ళు లెవ్వు. నీళ్ళు లేకుంటే లేకపాయె, పూలన్న ఉండాలె గద బిడ్డా? పూలు గూడ లెవ్వు. అడుగున నెర్రె వడి ఉన్నది. పూలను గూడ మింగింది ఆ బాయి."

"బిడ్డా అనొద్దు, మేడం అనాలె" అని బెంచి గుమాస్తా గొణిగాడు.

"నా బిడ్డకంటె చిన్నగున్నది, మేడం ఏంది?" అంది సారవ్వ. కోర్టు హాలు నవ్వింది. వేణుమాధవ్ కూడా నవ్వాడు. డెబోరా నవ్వలేదు. ఆమె కళ్ళ ముందు తంగేడు పూలు, గునుగు పూలు, బంతి రేకులు తిరుగుతూ తిరుగుతూ చీకట్లోకి దిగిపోతున్నాయి. అవి ఎక్కడికి పోతున్నాయో చూడాలని ఆమెకు చిన్నపిల్లలా ఆత్రం పుట్టింది.

వివాదంలో ఉన్న స్థలాన్ని జడ్జి స్వయంగా వెళ్ళి చూడవచ్చునని చట్టం చెబుతుంది. ఆ అధికారాన్ని ఎవరూ పెద్దగా వాడరు. డెబోరా వాడింది. పైన బావినీ, కింద గనినీ రెండు పక్షాల సమక్షంలో చూస్తానని ఉత్తర్వు రాసింది.

గని మేనేజరు జగదీశ్వర్ ఇబ్బంది పడ్డాడు. "అమ్మా, ఆడవాళ్ళు లోపలికి దిగిన ఆనవాయితీ లేదు. చట్టం కూడా..."

"ఆడవాళ్ళను గనిలో పనికి పెట్టవద్దని చట్టం అంది. చూడవద్దని అనలేదు" అంది డెబోరా. తర్వాత సారవ్వ వైపు తిరిగి, "అవ్వా, దావా నీది. రావడానికి నీకు హక్కుంది. రాలేకపోతే రానవసరం లేదు" అంది.

"రాక? మా నీళ్ళ కాడికి పోతందుకు నాకు బద్ధకమా?" అంది సారవ్వ.

ఆ గని వాలుగా భూమిలోకి దిగుతుంది. టోపీలకు దీపాలు కట్టుకుని, చేత కర్రలు పట్టుకుని అందరూ నడిచారు. సారవ్వ కాళ్ళకు సరిపోయే బూట్లు దొరక్క, పాత గుడ్డలు కుక్కి తొడిగారు. కొంతదూరం పోయి డెబోరా వెనక్కి తిరిగి చూసింది. గని నోరు గవ్వంత తెల్లగా కనబడింది. ఇంకా కొంతదూరం పోయాక అది కూడా లేదు. గాలి వెచ్చగా, తడిగా ముఖానికి తగులుతోంది. గోడలు దీపం పడినచోట తళుక్కుమని మెరిసి మళ్ళీ నల్లబడుతున్నాయి. తను నడుస్తున్నట్టుగా లేదు ఆమెకు; ఏదో పాత కాలంలోకి నెమ్మదిగా జారుతున్నట్టుంది. ఎదురొచ్చిన కార్మికులు పక్కకు తప్పుకుని నమస్కారం పెట్టారు. నల్లటి ముఖాల్లో తెల్లటి కళ్ళు. ప్రతి ముఖమూ ఒక్క క్షణం పాటు జ్ఞానయ్య ముఖమై మళ్ళీ వేరే ముఖమైపోయింది.

జువ్విగూడెం పెద్దబావికి సరిగ్గా కిందికి వచ్చే చోట జగదీశ్వర్ ఆగాడు. అక్కడ బొగ్గు తీసేశాక పైకప్పు కూలి ఉంది. దాని పక్కన నీళ్ళు పోగయ్యే గుంట, గుంటలోంచి నీటిని పైకి తోడే పంపు.

"పంపు కొద్దిసేపు ఆపండి. దీపాలు కూడా ఆర్పండి" అంది డెబోరా.

ఒక్కొక్క దీపమే ఆరింది. చీకటి అని ఆమె ఇంతకాలం అనుకున్నది చీకటే కాదు. ఇక్కడ కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. చేతులెక్కడున్నాయో తెలియదు, ఒళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. ఆమె జీవితంలో మొదటిసారి కళ్ళ ముందు ఏ బొమ్మా లేదు. వినికిడి ఒక్కటే మిగిలింది. అప్పుడు నీళ్ళు వినబడ్డాయి. ఒకచోట బొట్టుబొట్టుగా, ఒకచోట సన్నటి ధారగా, ఇంకెక్కడో రాళ్ళ వెనక గుసగుసగా. పొద్దున్నే బావి దగ్గర చేరిన ఆడవాళ్ళు తగ్గు గొంతులతో మాట్లాడుకుంటున్నట్టుంది.

ఎవరో ఆమె మణికట్టు పట్టుకున్నారు. ఎండిన, గట్టి చెయ్యి.

"బిడ్డా, ఇది మా బాయే. సప్పుడు గుర్తువడుతున్న" అని సారవ్వ గొంతు.

"అది సాక్ష్యం కాదమ్మా" అని చీకట్లోంచి వేణుమాధవ్ గొంతు. ఆ గొంతులో కోర్టులో ఉండే ధీమా లేదు.

దీపాలు వెలిగాయి. డెబోరా చూపు గుంట మీద పడింది. నల్లటి నీటి మీద ఒక పసుపు చుక్క. ఆమె వంగి అరచేత్తో తీసింది. సగం నలిగిన తంగేడు పువ్వు.

మొదట తేరుకున్నది వేణుమాధవే. "అమ్మా, అభ్యంతరం. ఇది పైనుంచే వచ్చిందని ఏముంది? ఎవరి కొంగుకో అంటుకుని వచ్చి ఉండవచ్చు. ఈ అవ్వ కొప్పులోంచే రాలి ఉండవచ్చు."

సారవ్వ టోపీ తీసేసింది. నెరిసిన జుట్టు ముడి దీపాల వెలుగులో కనబడింది. "ముండమోసి ఇరవై ఏండ్లాయె. నా కొప్పుల పువ్వెవరు వెడుతరయ్యా?" అంది. అరవలేదు. అరిచి ఉంటేనే బాగుండేదనిపించి వేణుమాధవ్ తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం డెబోరా తనిఖీ నివేదిక రాసింది. చూసినవన్నీ రాసింది. పువ్వు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. చివరికి ఇలా రాసింది: "గుంటలో ఒక తంగేడు పువ్వు కనబడింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఈ కోర్టు చెప్పజాలదు."

జమున ద్వారా ఆ మాట విన్న సారవ్వ మండిపడింది. "చూసిన కండ్లే చెప్పకుంటే ఇంకెవరు చెప్తరు? గంత లోపటికి దిగింది ఎందుకు మరి?" అని ఊరంతా వినేలా తిట్టింది. ఆ తిట్లు నడిచి నడిచి కోర్టు వరండా దాకా వచ్చాయి. డెబోరా విని ఊరుకుంది. కానీ మనసు ఊరుకోలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక తండ్రి పక్కన వాకిట్లో కూర్చుంది. జ్ఞానయ్యకు చెవులు మందగించాయి గాని, వార్తలు మాత్రం ముందే అందుతాయి.

"దిగినవట గద" అన్నాడు.

"దిగిన నాయినా."

"భయమైందా?"

"లే." తల అడ్డంగా ఊపింది. "హాయిగ అనిపించింది. ఎవరికన్న చెప్తే నవ్వుతరు."

జ్ఞానయ్య ఆకాశం వైపే చూస్తున్నాడు. "నాకు గట్లనే ఉండేది" అన్నాడు. "తోటోళ్ళు సచ్చిన జాగ అది. కాళ్ళిరిగిన జాగ. గసొంటి కాడ నాకు హాయిగుంటదని ఎట్ల చెప్పుదు బిడ్డా? సిగ్గయ్యేది. అందుకే ఎన్నడు చెప్పలే."

డెబోరా తండ్రి చెయ్యి అందుకుంది. ఎదురింటి గోడ మీద పిల్లి నడిచి వెళ్ళింది.

"పువ్వును కండ్లార చూసిన నాయినా. కాని నేను చూసిందాని మీద తీర్పు చెప్తే నేను సాక్షినైత. జడ్జిని కాను. రేపు పైకోర్టుల ఒక్క మాటతోని కొట్టేస్తరు."

"మరెట్ల?"

"అందరు చూసేటట్టు చెయ్యాలె."

"అప్పుడు నువ్వు?"

"నేను చూడరాదు."

జ్ఞానయ్య పకపకా నవ్వాడు. "మంచి కొలువే దొరికింది బిడ్డా నీకు" అన్నాడు.

మరుసటి వాయిదాకు ఆమె రెండు పక్షాలనూ ఒప్పించి ఉత్తర్వు ఇచ్చింది. భూగర్భ జలాల శాఖ ఇంజనీరు ఒకరు వచ్చి జువ్విగూడెం పెద్దబావిలో నీళ్ళు పోయించి, వాటిలో హాని లేని ఆకుపచ్చ రంగు కలపాలి. గని నీళ్ళు వాగులో పడే గొట్టం దగ్గర రెండు పక్షాల వకీళ్ళూ కాపలా ఉండాలి.

నీళ్ళ ట్యాంకర్లు జువ్విగూడెం చేరిన ఉదయం అక్కడ పెద్ద రభసే అయింది. గుక్కెడు నీళ్ళకు మైళ్ళు నడుస్తున్న ఊరి ముందు, ట్యాంకర్ల నీళ్ళు తెచ్చి చిల్లుబావిలో పోస్తామంటే ఎవరికి మాత్రం కడుపు మండదు? సారవ్వ ట్యాంకరుకు అడ్డంగా నిలబడింది. "ముందుగాల మా బిందెలు నింపుండ్రి. ఎనుక మీ సాక్ష్యం" అంది. ఇంజనీరు మంచివాడు. బిందెలు, కుండలు, గాబులు, చివరికి గిన్నెలు కూడా నిండిన తర్వాతే బావిలో నీళ్ళు పడ్డాయి. రంగు కలిసింది. బావి ఆకుపచ్చ కన్నులా కాసేపు ఆకాశంలోకి చూసి, నెమ్మదిగా రెప్ప దించుకుంది.

ఇదంతా డెబోరాకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

రెండు రోజులు ఏమీ కాలేదు. మూడోనాడు ఆదివారం. మధ్యాహ్నం డెబోరా తన క్వార్టరులో ఉండగా వీధిలో కలకలం మొదలైంది. ఆటోలు, సైకిళ్ళు, పిల్లలను చంకనేసుకున్న తల్లులు, అందరూ వాగు వైపే. వంటచేసే పూలమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మా, నేను గూడ పోయి చూసొస్త?"

"పో."

"మీరు రారా?"

"నేను రావద్దు."

ఇల్లు ఖాళీ అయింది. వీధి ఖాళీ అయింది. ఊరంతా ఒక వైపుకు ఒరిగిపోయి, ఇటువైపు ఆమె ఒక్కతే మిగిలినట్టుంది. డెబోరా కిటికీ రెక్క మూసి కుర్చీలో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు కనబడసాగింది. వాగు. వాగు మీద వంగిన తుమ్మ చెట్లు. గొట్టంలోంచి ధార. ఆ ధార మొదట బూడిదరంగు, తర్వాత లేత చిగురు రంగు, తర్వాత వరి మడి రంగు. దాన్ని చూస్తున్న ముఖాల మీద పచ్చటి వెలుగు కదులుతోంది. కొంతసేపు ఆ రంగు వాగంతా పాకింది, గోదావరి దాకా పాకింది, వంతెన మీద పోతున్న రైలు కిటికీల్లో కూడా పాకింది. ఆమె గబుక్కున కళ్ళు తెరిచింది. ఏమో, ఏ రంగూ రాలేదేమో. జనం ఒట్టిచేతులతో తిరిగొస్తున్నారేమో. నాకు కనబడినదే నిజమని అనుకునే హక్కు నాకు లేదు అని తనకు తానే చెప్పుకుంది.

పూలమ్మ పరుగెత్తుకుంటూ తిరిగొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. నోరు తెరవబోయింది.

"చెప్పకు" అంది డెబోరా చెయ్యి అడ్డంపెట్టి.

పూలమ్మ నోరు మూసుకుని వంటింట్లోకి పోయింది. కాని ఆపుకోలేక రాత్రి వంట అయ్యేదాకా గిన్నెలతో మాట్లాడుతూనే ఉంది.

మర్నాడు కోర్టు మొదలు కాగానే లేచింది జమున కాదు, వేణుమాధవ్. ముఖం నిద్రలేనట్టుగా ఉంది.

"అమ్మా, నా కక్షిదారు తరఫున నేను చెప్పవలసింది ఇంకా చాలా ఉంది. చెబుతాను కూడా. కాని ముందు ఒక మాట రికార్డు చేయండి. నీళ్ళు ఆకుపచ్చగా వచ్చాయి. నేనే చూశాను. నా చొక్కా మీద కూడా పడ్డాయి." గొంతు కాస్త తగ్గించి, వెనక బెంచీ వైపు తిరిగి, "అవ్వా, ఆనాడు నేనన్న మాటకు మన్నించాలె" అన్నాడు.

సారవ్వ అతని చొక్కా వైపు చూసింది. "మంచిది బిడ్డా. గా చొక్కా సబ్బుకు పోతదో లేదో చూసుకో" అంది.

తీర్పు వేసవికి ముందు వచ్చింది. నేల కింద నీళ్ళకు హద్దురాళ్ళు ఉండవని, ఎక్కడ తోడినా అవి మొదట ఎవరి గొంతు తడిపేవో వాళ్ళకే ముందు చెందాలని డెబోరా రాసింది. గని నీళ్ళు శుభ్రంచేసి గొట్టాల ద్వారా జువ్విగూడేనికి ఇవ్వాలంది. పువ్వు ప్రస్తావన ఎక్కడా లేదు.

యాజమాన్యం అప్పీలుకు వెళ్ళింది. స్టే వచ్చింది. ఈలోగా డెబోరాకు బదిలీ అయింది. అది శిక్ష అని కొందరు, మామూలు బదిలీయే అని కొందరు అన్నారు. ఆమెను అడిగితే, "సముద్రం చూడలే ఇప్పటిదాక. చూస్త" అంది.

అక్కడి నుంచి కొన్నేళ్ళు ఆమె జీవితం ఏటి మీద పడవలా పోయింది. సముద్రం ఒడ్డున ఒక చిన్న కోర్టు. ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్ళకు నీడ లేదని ఒక దావా. తర్వాత ఇంకో ఊరు. జామీను ఇచ్చేవాళ్ళు లేక జైల్లోనే మగ్గుతున్న మనుషులను ఆమె ప్రతి నెలా వెళ్ళి పలకరించేది. ఆ తర్వాత ఇంకో ఊరు. అక్కడ ఆడపిల్లల హాస్టలుకు తలుపులు పెట్టించింది. ఎక్కడికి పోయినా ఆమె పనికి అదే పాత పద్ధతి. తన దగ్గరికి రాకముందే గోడు వినదు. వచ్చిన తర్వాత వినకుండా వదలదు. తోటివాళ్ళు పైపైకి ఎక్కుతున్నారు. ఆమె పేరు పదోన్నతుల జాబితాలో కిందికి జరుగుతోంది. అది కూడా ఆమె కిటికీలోంచి చూసినట్టే చూసింది.

సకలజనుల సమ్మె జరుగుతున్నప్పుడు జ్ఞానయ్య ఫోను చేశాడు. "బాయిలన్ని బందైనయి బిడ్డా. బొగ్గు లారీల సప్పుడు లేదు. పొద్దుగాల పక్షులు వినవడుతున్నయి. ఇన్నేండ్లు ఇవి యాడ ఉన్నయో" అన్నాడు. ఆ మరుసటి చలికాలం నిద్రలోనే పోయాడు. ఆమె బెల్లంపల్లి వచ్చి, చర్చి వెనకున్న తోటలో సువార్త పక్కనే ఆయనకు చోటు చూసింది. మట్టి వేస్తున్నప్పుడు భయమనిపించలేదు. ఆ చీకటి ఆయనకు కొత్త కాదని ఆమెకు తెలుసు.

జువ్విగూడెం అప్పీలు ఎప్పుడో కొట్టివేతకు గురైంది. యాజమాన్యం కూడా ఇక లాగలేదు. గొట్టాలు వేశారు. ఆ సంగతి డెబోరాకు జమున ఫోను చేసి చెప్పింది.

రాష్ట్రం వచ్చిన ఏడాది డెబోరా జిల్లా జడ్జిగా కరీంనగర్ వచ్చింది. వానలు మొదలైన ఒక శనివారం గోదావరిఖనిలో పని చూసుకుని తిరిగి వెళ్తూ, కారును జువ్విగూడెం దారికి తిప్పించింది. ఆమె ఇరవై ఏళ్ళ కొలువులో ఏ కక్షిదారు గడపా తొక్కలేదు, ఏ కక్షిదారు చేతి మంచినీళ్ళూ ముట్టలేదు. ఈ కేసు ముగిసి చాలా కాలమైంది. ఇప్పుడు తప్పులేదు.

నల్లా దగ్గర బిందెల వరుస ఉంది. ఒక పడుచు పిల్ల ఆమెను ఎగాదిగా చూసి, "ఎవరింటికొచ్చినవక్కా?" అంది.

"సారవ్వ ఉన్నదా?"

ఉంది. ఇంకా పొట్టిదై, ఇంకా ఎండిపోయి, గొంతు మాత్రం అలాగే. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. పట్టాక రెండు చేతులతో ఆమె ముఖం తడిమింది. లోపలి నుంచి ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. డెబోరా మొత్తం తాగింది. చల్లగా, నాలుక చివర కాస్త ఇనుప రుచితో దిగాయి.

"ఎట్లున్నయి?"

"మంచిగున్నయి."

"ఏం మంచిగున్నయి? మా పెద్దబాయి నీళ్ళ లెక్క లెవ్వు. తుప్పు వాసన. పైపులు మార్వమంటె మారుస్తలేరు. నేను జెప్త విను, దీని మీద మళ్ళ కేసెయ్యాలె..."

డెబోరా నవ్వుతూ చెయ్యి ఎత్తింది. "నాకు చెప్పకు అవ్వా. ఇప్పుడు వింటే, రేపు వినరాదు."

"గదే మాట! గిప్పటికీ గదే మాట!" సారవ్వ నుదురు కొట్టుకుని, "సరే, చెప్ప. తిని పో మరి. పప్పు పెట్టిన, ఉడకాలె. అందాక గా మంచం మీద నడుం వాల్చు" అంది.

పంచలో నులక మంచం. డెబోరా చెప్పులు విడిచి పడుకుంది. చూరు అవతల సన్నటి వాన. నల్లా దగ్గర ఎవరో వంతు కోసం గొడవపడుతున్నారు, ఎవరో సర్దిచెబుతున్నారు. ఆ గొంతులు దగ్గరికి వచ్చి, దూరమై, మళ్ళీ దగ్గరికి వచ్చాయి. ఎవరి పక్షాన తీర్పు చెప్పాలో ఆమె ఆలోచించలేదు. కళ్ళు మూతలు పడ్డాయి.

డ్రైవరు గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నాడు. "మేడంను లేపాలె అవ్వా, ఆలస్యమైతది" అన్నాడు.

"ఊకో. నువ్వు గూడ కాళ్ళు కడుక్కో, తిందువు" అంది సారవ్వ. తర్వాత నల్లా వైపు తిరిగి, బతుకులో మొదటిసారి గొంతు తగ్గించి అంది. "ఓ పోరగాండ్లూ, మెల్లగ. జడ్జమ్మ పండుకున్నది."